నల్ల బంటు ఒక్క గడి జరిగింది

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను కాస్త తటపటాయించాను. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయడానికి నాకంటే సమర్థులు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. నాకు తెలిసినవి రెండే రెండు విషయాలు. ఒకటి ముప్పై నాలుగేళ్లు నేను కూర్చున్న అకౌంట్ల సెక్షను, రెండోది చదరంగం. మొదటిదాని గురించి రాస్తే చదివే ఓపిక ఎవరికీ ఉండదు. అందుచేత రెండోదాని గురించే రాస్తున్నాను.

నేను ఎంచుకున్న మనిషి పేరు ఆరన్ నిమ్‌జోవిచ్. చనిపోయి 90 ఏళ్లు దాటింది. ఎన్నడూ ప్రపంచ చాంపియన్ కాలేదు. అయినా ప్రపంచంలో ఏ మూల చదరంగం బల్ల పరిచినా ఆయన పేరు వినిపిస్తూనే ఉంటుంది. ఆయన గెలిచిన ఒక ఆట నా డెబ్బయ్యో ఏట నాకు పెద్ద ఉపకారం చేసింది. అది చివర చెబుతాను. చదరంగం రానివారు కూడా ధైర్యంగా చదవవచ్చు. లెక్కలేమీ వేయించను.

ఈయనను నాకు పరిచయం చేసినది మా సెక్షను సూపరింటెండెంటు గారు. ఆయన ఇప్పుడు లేరు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మధ్యాహ్నం భోజన విరామంలో రిక్రియేషన్ క్లబ్బులో ఆయనతో ఆడి రోజూ ఓడిపోయేవాణ్ణి. ఒక ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొని నా చేతిలో పెట్టారు. అదే నిమ్‌జోవిచ్ రాసిన 'మై సిస్టమ్'. అర్థం కావడానికి నాకు పదేళ్లు పట్టింది. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది.

రీగా నుంచి బెర్లిన్‌కు

నిమ్‌జోవిచ్ 1886 నవంబరు 7న రీగా నగరంలో పుట్టాడు. ఇప్పుడది లాట్వియా రాజధాని. అప్పట్లో రష్యా జారు చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. (మన పెన్షనర్లకు నవంబరు అంటే లైఫ్ సర్టిఫికెట్ నెల కాబట్టి ఈ తేదీ గుర్తుంచుకోవడం కష్టం కాదు.) కలిగిన యూదు కుటుంబం. తండ్రి కలప వ్యాపారి, చదరంగం బాగా ఆడేవాడు. పిల్లవాడికి ఎనిమిదేళ్లప్పుడు ఎత్తులు నేర్పాడు.

1904లో కుర్రవాణ్ణి చదువు కోసం జర్మనీ పంపారు. బెర్లిన్ వెళ్లి తత్త్వశాస్త్రం చదవాలన్నది ఉద్దేశం. చదివినది తక్కువ, కాఫీ హోటళ్లలో చదరంగం ఆడినది ఎక్కువ. మన ఇళ్లలో ఇలాంటి పిల్లవాడు ఉంటే తల్లిదండ్రులు పడే బాధ మనకు తెలుసు. పైగా ఆ ఆటలోనైనా మొదట్లో గొప్పగా రాణించాడా అంటే అదీ లేదు. 1905లో బార్మెన్ పోటీలో బాగా దెబ్బతిన్నాడు. ఆ దెబ్బ తర్వాత కూర్చుని తన ఆటను తానే విమర్శించుకున్నాడు. మరుసటి ఏడాదే, 1906లో, మ్యూనిచ్ పోటీలో మొదటి స్థానం సంపాదించాడు. ఓటమి తర్వాత ఎదుటివాడి అదృష్టాన్ని తిట్టకుండా తన తప్పు వెతుక్కోవడం ఆయనకు అప్పుడే అలవడింది.

డాక్టరు గారితో తగాదా

ఆ కాలంలో చదరంగానికి పెద్దదిక్కు జర్మనీలో ఒకాయన ఉండేవాడు. పేరు జీగ్‌బెర్ట్ టారాష్. వృత్తిరీత్యా వైద్యుడు. ఆట ఎలా ఆడాలో సూత్రాలు కట్టి పుస్తకాలు రాశాడు. యూరపులో ఆడేవారంతా ఆయనను గురువుగా భావించేవారు. ఆయన చెప్పిన ముఖ్య సూత్రం ఇది: బల్ల నడుమ ఉన్న నాలుగు గడులూ ఆటకు ఆయువుపట్టు. అందుచేత మొదట్లోనే బంట్లను అక్కడికి తోసి ఆ చోటును ఆక్రమించుకోవాలి. అలా ఆడనివాడికి ఆట రానట్టే.

నిమ్‌జోవిచ్‌కు ఇది మింగుడు పడలేదు. నడుమ గడుల మీద అధికారం ఉండాలన్న మాట నిజమే కాని, అక్కడ మనమే వెళ్లి కూర్చోవాలని ఏముంది అన్నది ఆయన ప్రశ్న. గుర్రాలను, శకటులను దూరంగా నిలిపి అక్కడి నుంచే ఆ గడులను కాపు కాయవచ్చు. ఎదుటివాడు బంట్లు తోసుకుని ముందుకు వస్తే రానివ్వాలి. ముందుకు వచ్చిన బంటు వెనక్కి పోలేదు. అదే తర్వాత వాడికి బరువవుతుంది, మనకు గురి అవుతుంది. ఊరి నడిబొడ్డున ఇల్లు కట్టుకోకపోయినా, ఊరికి వచ్చే దారులన్నీ మన కనుసన్నల్లో ఉంటే ఊరు మనదే కదా!

ఈ పద్ధతికి తర్వాత కాలంలో హైపర్‌మోడర్న్ అని పేరు వచ్చింది. అతి నవీనం అన్నమాట. రిచర్డ్ రేతి, టార్టకోవర్, గ్రూన్‌ఫెల్డ్, బ్రేయర్ వంటివారు ఈ దారిలో నడిచారు. కాని అందరికంటే మొండిగా, అందరికంటే ముందుగా పెద్దలతో తగవు పెట్టుకున్నవాడు నిమ్‌జోవిచ్. 1904లోనే డాక్టరు గారితో ఒక ఆట ఆడాడు. అది సమంగా ముగిసింది. ఆట మధ్యలో తన ఎత్తులను డాక్టరు గారు చూసేవాళ్ల ముందు తీసిపారేశారని ఆయన మనసులో పెట్టుకున్నాడు. 1913లో డాక్టరు గారి పుస్తకాన్ని దుయ్యబడుతూ వియన్నా చదరంగ పత్రికలో వ్యాసం రాశాడు. పెద్దాయన ఊరుకుంటాడా? నిమ్‌జోవిచ్ ఎత్తులు వికారమైనవని ఆయనా రాశాడు.

వ్యాసం రాయడం తేలిక, గెలిచి చూపించడం కష్టం. 1914లో సెయింట్ పీటర్స్‌బర్గ్ మహాపోటీలో నిమ్‌జోవిచ్ తుది దశకే చేరలేకపోయాడు. పైగా అక్కడ డాక్టరు గారు తన రెండు శకటులనూ బలి ఇచ్చి నిమ్‌జోవిచ్ రాజును వేటాడి గెలిచాడు. ఆ ఆటకు బహుమతి కూడా వచ్చింది. ఎవరి సూత్రాలను ఎగతాళి చేశాడో వారి చేతిలోనే అందరూ చూస్తుండగా ఓడాడు. నా ఉద్దేశంలో ఆయన జీవితంలో అసలు పరీక్ష అక్కడ మొదలయింది. అప్పటికి 27 ఏళ్లు.

ఒక గది, ఒక బల్ల

ఆ పోటీ ముగిసిన కొద్ది నెలలకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. రీగా యుద్ధరంగమయింది. తర్వాత రష్యాలో విప్లవం. 1918లో తండ్రి పోయాడు. కుటుంబానికి ఉన్న ఆస్తి, వ్యాపారం ఆ గందరగోళంలో చెల్లాచెదరయ్యాయి. సైన్యంలోకి పట్టుకుపోతారని తెలిసి, తన తలమీద ఈగ వాలి ఉందని పదేపదే ఫిర్యాదు చేసి పిచ్చివాడిలా నటించి తప్పించుకున్నాడని ఒక కథ చెబుతారు. నిజానిజాలు ఎలా ఉన్నా, దాదాపు ఆరేళ్లు ఆయనకు పెద్ద పోటీలు లేవు. ఒక ఆటగాడి జీవితంలో 27 నుంచి 33 ఏళ్ల వయసు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

1920లో స్వీడన్ చేరాడు. ఆ ఏడాది గోథెన్‌బర్గ్ పోటీలో చివరి స్థానాల్లో మిగిలాడు. పని అయిపోయిందని చాలామంది అనుకునే ఉంటారు. 1922లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో ఒక చిన్న అద్దె గది తీసుకున్నాడు. బతికినంత కాలం ఆ ఊళ్లో అలాంటి ఒంటరి అద్దెగది జీవితమే. పెళ్లి లేదు, పిల్లలు లేరు, సొంత ఇల్లు లేదు. ఉపన్యాసాలు, పత్రికలకు వ్యాసాలు, ఒకేసారి పదుల మందితో ఆడే ప్రదర్శనలు, వీటితోనే జీవనం.

ఆ గదిలో కూర్చుని తనకు తెలిసినదంతా మళ్లీ మొదటి నుంచి అమర్చుకున్నాడు. ఎదుటివాడి బంటును ముందే అడ్డుకుని నిలిపివేయడం, వాడు చేయబోయే పనిని వాడికంటే ముందు పసిగట్టి దారి మూసేయడం, మన ముఖ్యమైన గడిని అవసరానికి మించి కాపు కాయడం, తెరుచుకున్న వరుసలోంచి ఏనుగును ఎదుటివాడి ఇంటి గుమ్మం దాకా నడిపించడం. అంతకుముందు మంచి ఆటగాళ్లు ఈ పనులు చేయలేదని కాదు. చేతికి తెలిసినదానికి పేరు పెట్టి, కారణం చెప్పి, పాఠంగా మార్చినవాడు ఈయన.

1923 మార్చి, కోపెన్‌హాగన్

అప్పుడు జరిగింది నేను చెప్పదలచిన ఆట. 1923లో కోపెన్‌హాగన్‌లో ఒక చిన్న పోటీ పెట్టారు. నిమ్‌జోవిచ్ వయసు 36. ఎదురుగా తెల్లబలంతో కూర్చున్నవాడు ఫ్రీడ్రిష్ జేమిష్ అనే జర్మన్. వయసు 26. చదరంగంలోకి రాకముందు పుస్తకాలకు బైండింగ్ చేసే పనివాడు. చాలా సమర్థుడు. తేలిగ్గా ఓడేవాడు కాదు.

జేమిష్ మంత్రి ముందున్న బంటును రెండు గడులు తోశాడు. డాక్టరు గారి సూత్రం ప్రకారమైతే నల్లబలం కూడా వెంటనే బంటును ఎదురు తోసి నడుమ చోటు పట్టుకోవాలి. నిమ్‌జోవిచ్ బంటు తోయలేదు. గుర్రాన్ని బయటికి తెచ్చాడు. కాసేపటికి మంత్రి వైపు శకటును ఒక మూలగా, పెద్ద అడ్డగీత మీద నిలిపాడు. అది అక్కడి నుంచే నడుమ గడులను చూస్తూ ఉంటుంది. ఈ రక్షణ పద్ధతి పేరు క్వీన్స్ ఇండియన్ డిఫెన్స్.

పేరులో మన దేశం ఎందుకు ఉందో చెప్పాలి. 19వ శతాబ్దం నడుమ కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే స్కాట్లండ్ బారిస్టరు ఉండేవాడు, చదరంగంలో ఉద్దండుడు. ఆయనతో మహేశ్‌చంద్ర బెనర్జీ అనే బెంగాలీ బ్రాహ్మణుడు వందలాది ఆటలు ఆడాడు. మన పాత దేశవాళీ ఆటలో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే కదిలేది. మా తాతగారు అరుగు మీద ఆడిన ఆట కూడా అదే. ఆ అలవాటు ఉన్న బెనర్జీ గారు బంట్లను తొందరపడి తోయకుండా, శకటును మూల నిలిపి, దూరం నుంచి ఆడేవారు. ఆ ఆటలు యూరపు పత్రికల్లోకి ఎక్కాయి. డెబ్బై ఏళ్ల తర్వాత యూరపువారు అతి నవీనమని పేరుపెట్టిన పద్ధతులకు ఇండియన్ అన్న మాట అంటుకోవడానికి మూలం ఇదే. ఆ కలకత్తా బ్రాహ్మణుణ్ణి మనలో ఎంతమందిమి ఎరుగుదుం?

ఆటలోకి వద్దాం. మొదటి పది పన్నెండు ఎత్తులు చప్పగా సాగాయి. చెరొక గుర్రం పోయింది. జేమిష్ తన రాజు పక్క ఒక బంటును ఒక్క గడి జరిపి, రాజునూ ఒక గడి పక్కకు జరిపి సర్దుకున్నాడు. తప్పని చెప్పలేం, కాని వాటి వెనుక ఒక ఆలోచన కూడా కనిపించదు. ఆఫీసులో పని లేనప్పుడు బల్లమీద ఫైళ్లు అటూ ఇటూ సర్దుతామే, అలాంటి ఎత్తులు. నిమ్‌జోవిచ్ ఆ సమయంలో మంత్రి వైపు బంట్లను మెల్లగా ముందుకు నడిపాడు. ఒక బంటును తోసి తెల్ల గుర్రాన్ని బెదిరించాడు. దానికి పోవడానికి మంచి చోటు లేక, ఆట మొదట్లో ఎక్కడ నుంచి బయలుదేరిందో ఆ గడికే తిరిగి వెళ్లి కూర్చుంది. మళ్లీ అక్కడి నుంచి కదలలేదు.

20వ ఎత్తులో జేమిష్ కళ్లు మెరిసి ఉంటాయి. రాజు ముందరి బంటును రెండు గడులు తోస్తే తన మంత్రికి దారి తెరుచుకుంటుంది, బల్ల అంచున కాపు లేకుండా ఉన్న నల్ల గుర్రం దొరుకుతుంది. తోశాడు. నిమ్‌జోవిచ్ గుర్రాన్ని కాపాడలేదు. నిదానంగా ఆ బంటును తీసుకున్నాడు. జేమిష్ గుర్రాన్ని పట్టాడు. అప్పుడు నల్ల ఏనుగు ఇప్పుడే తెరుచుకున్న వరుసలోంచి సరాసరి దిగి, తెల్లరాజు ముంగిట ఉన్న బంటును తీసి అక్కడ నిలబడింది. గుర్రానికి బదులు రెండు బంట్లు. వడ్డీ లెక్క వేసేవాడికి ఇది నష్టమే. కాని రెండో ఏనుగు కూడా వెనకాల వచ్చి చేరింది. తెల్ల మంత్రిని బెదిరించింది. ఆ మంత్రి నడుమకు వెనుదిరిగింది. వెంటనే నల్ల శకటు ఒకటి తెల్లబలం నట్టింట్లోకి వచ్చి కూర్చుని మంత్రికి వెనక దారి మూసేసింది. జేమిష్ ఏనుగును తెచ్చి మంత్రికి అండగా పెట్టాడు.

ఇప్పుడు నల్లబలం వంతు. 25వ ఎత్తు. చూసేవాళ్లు ఏదో పెద్ద బలి, చెక్, కోలాహలం ఉంటుందని అనుకుంటారు. నిమ్‌జోవిచ్ తన రాజు పక్క చివరి బంటును ఒక్క గడి ముందుకు జరిపాడు. అంతే. అది ఎవరినీ బెదిరించదు. దేన్నీ పట్టుకోదు. జేమిష్ బల్ల వైపు చూసి ఆట వదులుకున్నాడు.

ఎందుకు వదులుకున్నాడు? బల్ల మీద తెల్లబలం చూడండి. రాజు, మంత్రి, రెండు ఏనుగులు, రెండు శకటులు, ఒక గుర్రం, అయిదు బంట్లు. ఒక గుర్రమే తక్కువ, సైన్యమంతా ఉంది. ఆ క్షణాన రాజుకు చెక్ లేదు. కాని ఏ పావు కదిలినా ఏదో ఒకటి పోతుంది. రాజు జరిగితే మంత్రి పోతుంది. రాజు ముందరి బంటు కదిలితే రెండెత్తుల్లో ఆటకట్టు. గుర్రం కదిలితే బంటు పట్టేస్తుంది. శకటు కదిలితే గుర్రం పోతుంది. ఊరకే జరపడానికి ఒకటి రెండు బంటు ఎత్తులు మిగిలాయి. అవి అయిపోయాక మళ్లీ అదే గతి. నా ఎత్తు వద్దు, నువ్వే ఇంకోటి వెయ్యి అనడానికి చదరంగంలో వీలు లేదు. వంతు వస్తే కదలాల్సిందే.

ఈ స్థితిని జర్మన్ భాషలో జుగ్‌జ్వాంగ్ అంటారు. ఎత్తు వేయక తప్పని బలవంతం అని అర్థం. సాధారణంగా ఇది నాలుగైదు పావులు మిగిలిన ఆట చివర్లో వస్తుంది. బల్ల నిండా సైన్యం ఉండగా, 25 ఎత్తుల్లో, అదీ నల్లబలంతో తెచ్చి చూపడం అపురూపం. డెన్మార్క్ చదరంగ వర్గాల్లో దీనికి అమర జుగ్‌జ్వాంగ్ ఆట అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది. ఆ పోటీలో మొదటి స్థానం కూడా నిమ్‌జోవిచ్‌దే.

సూపరింటెండెంటు గారు ఈ ఆటను పావులు పరిచి నాకు చూపించిన రోజు నేను చివరి ఎత్తు చూసి, ఇందులో ఏముందండీ అని అడిగాను. ఆయన నవ్వి, తెల్లబలం వైపు నన్ను కూర్చోబెట్టి, ఆడమన్నారు. పావుగంట చూశాను. ఒక్క ఎత్తూ దొరకలేదు. బెల్లు కొట్టారు, సెక్షనుకు వెళ్లిపోయాం.

కీర్తి, కొరత

ఆ తర్వాత పదేళ్లు ఆయనవే. 1925లో 'మై సిస్టమ్' మూల జర్మన్ పుస్తకం భాగాలుగా రావడం మొదలయింది. 1926లో డ్రెస్డెన్‌లో 9 ఆటలకు ఎనిమిదిన్నర పాయింట్లతో, అలెఖైన్ అంతటివాణ్ణి వెనక్కి నెట్టి గెలిచాడు. 1927లో న్యూయార్క్‌లో కాపాబ్లాంకా, అలెఖైన్‌ల తర్వాత మూడో స్థానం. 1929లో కార్ల్స్‌బాద్‌లో 22 మంది మహామహుల మధ్య 21 ఆటలకు 15 పాయింట్లు తెచ్చుకుని మొదటివాడయ్యాడు. మాజీ ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకా అర పాయింటు వెనకబడ్డాడు.

ఇక్కడొక ముచ్చట. ఆ పోటీలో కాపాబ్లాంకాను ఓడించినవారిలో మన జేమిష్ ఒకడు! ఆరేళ్ల కిందట కోపెన్‌హాగన్‌లో ఓడినవాడే తెలియకుండా నిమ్‌జోవిచ్‌కు సాయపడ్డాడు. ఆ ఆటలో కాపాబ్లాంకా వాడినది నిమ్‌జోవిచ్ పేరుతో పిలిచే నిమ్‌జో-ఇండియన్ డిఫెన్స్. దాని మీద జేమిష్ వేసిన ఎత్తులకు జేమిష్ వేరియేషన్ అని పేరు. ఆ రెండు పేర్లూ ఈనాటికీ పుస్తకాల్లో ఒకే పుటలో పక్కపక్కన ఉంటాయి. జేమిష్ 1975 దాకా బతికాడు. ముసలితనంలో ప్రతి ఎత్తుకూ అతిగా ఆలోచించేవాడు. 1969లో స్వీడన్‌లో ఒక పోటీలో ఆడిన 13 ఆటలూ గడియారం టైము మించిపోయి ఓడిపోయాడు. అయినా ఆడడం మానలేదు.

నిమ్‌జోవిచ్‌కు మాత్రం ఒక కొరత మిగిలిపోయింది. ప్రపంచ చాంపియన్‌తో తలపడాలంటే ఆ రోజుల్లో పందెం సొమ్ము సమకూర్చుకోవాలి. 1922లో కుదిరిన నిబంధనల ప్రకారం అది 10,000 డాలర్లు. అద్దె గదిలో బతికేవాడు ఎక్కడ తెస్తాడు? అర్హత ఉండి అవకాశం రాని బాధ ఏమిటో సీనియారిటీ లిస్టులు చూసిన మనకు వేరే చెప్పక్కరలేదు. మా సూపరింటెండెంటు గారికి కూడా రావలసిన ప్రమోషన్ రాలేదు. ఆయన మెమొరాండాలు పెట్టారు, జవాబులు రాలేదు. సెక్షను పని మాత్రం ఒక్క రోజూ వెనకబడనివ్వలేదు.

నిమ్‌జోవిచ్ మెత్తని మనిషి అని చెబితే అబద్ధమవుతుంది. తొందరగా నొచ్చుకునేవాడు. తన ప్రతిభ గురించి తానే చెప్పుకునేవాడు. హోటల్లో తన పళ్లెంలోకి తక్కువ వడ్డిస్తున్నారని అనుమానపడేవాడంటారు. ఆటకూ ఆటకూ మధ్య కసరత్తు చేసేవాడు. వైద్యుని సలహా మీద శీర్షాసనం కూడా వేసేవాడని చెబుతారు. పొగ అంటే గిట్టేది కాదు. ఒక పోటీలో ఎదుటి ఆటగాడు పొగ తాగనని మాట ఇచ్చి, చుట్ట వెలిగించకుండా బల్లమీద పెట్టుకున్నాడట. నిమ్‌జోవిచ్ వెళ్లి నిర్వాహకులకు ఫిర్యాదు చేశాడు. ఇంకా వెలిగించలేదు కదా అని వాళ్లంటే, వెలిగిస్తానని బెదిరిస్తున్నాడు, బెదిరింపు అసలు పనికంటే బలమైనదని చదరంగం తెలిసిన ఎవరికైనా తెలుసునని వాదించాడట. ఎదుటి ఆటగాడి పేరు చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. కథ మాత్రం ఆయనకు అతికినట్టు సరిపోయింది.

1934లో డాక్టర్ టారాష్ కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడాదే, 1935 మార్చి 16న, నిమ్‌జోవిచ్ నిమోనియాతో కోపెన్‌హాగన్‌లో చనిపోయాడు. నిండా 49 ఏళ్లు లేవు. బిస్పెబ్యెర్గ్ శ్మశానవాటికలో సమాధి చేశారు. ఇద్దరూ పోయాక లోకం తేల్చుకున్నది ఏమిటంటే, ఇద్దరి మాటలోనూ నిజం ఉందని. ఇప్పుడు పిల్లలకు డాక్టరు గారి సూత్రాలు ముందు నేర్పుతారు, నిమ్‌జోవిచ్ పాఠాలు తర్వాత నేర్పుతారు. 1963 నుంచి 1969 దాకా ప్రపంచ చాంపియన్‌గా ఉన్న పెట్రోసియన్ చిన్నతనంలో నిమ్‌జోవిచ్ పుస్తకం చదివే ఆటగాడయ్యాడు. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, హనుమకొండ కుర్రవాడు అర్జున్ ఇరిగేశి వంటివారు చదరంగం బల్లల దగ్గర కూర్చుని పైకి వచ్చిన దారిలో కూడా ఈ నిమ్‌జో-ఇండియన్, క్వీన్స్ ఇండియన్ పద్ధతులు పరచి ఉన్నవే.

నా ఎత్తు

ఇక మొదట చెప్పిన ఉపకారం సంగతి. నాలుగేళ్ల కిందట నా భార్య పోయింది. పన్నెండో రోజు అయిన మర్నాటి నుంచే మా అబ్బాయి ఇల్లు అమ్మేసి తన దగ్గరకు వచ్చేయమని, మా అమ్మాయి కాదు తన దగ్గరే ఉండమని మొదలుపెట్టారు. ఇద్దరూ ప్రేమతో అన్నమాటే. ఇల్లు కొంటామని బేరాలు కూడా వచ్చాయి. ఏదో ఒకటి వెంటనే తేల్చాలి అన్నట్టు అందరూ నా ముఖం వంక చూసేవారు. ఎటు కదిలినా ఏదో ఒకటి పోతుంది. కొడుకు దగ్గరకు పోతే కూతురు నొచ్చుకుంటుంది. కూతురు దగ్గరకు పోతే కొడుక్కి తలవంపు. ఇల్లు అమ్మితే ఆమె పెట్టిన కరివేపాకు చెట్టు పోతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. అచ్చం జేమిష్ స్థితి అనిపించింది.

ఒక రాత్రి లేచి బల్ల పరిచి ఆ ఆట పేర్చాను. చివరి స్థితి దాకా వచ్చి చాలాసేపు చూశాను. అప్పుడు తట్టింది. జేమిష్ ఓడినది బలం లేక కాదు. కదలక తప్పదు కనుక. ఆ నియమం చదరంగం బల్లకు ఉంది, నా జీవితానికి ఎవరు పెట్టారు? ఈ వంతు నేను కదలనంటే ఎవరూ గడియారం నొక్కరు. మర్నాడు పిల్లలిద్దరికీ ఫోను చేసి, ఒక ఏడాది దాకా ఏ నిర్ణయమూ తీసుకోనని, ఈలోగా ఎవరూ అడగవద్దని చెప్పాను. మొదట కోపం తెచ్చుకున్నారు. తర్వాత వాళ్లకూ ఊపిరి తీసుకున్నట్టయింది.

ఆ ఏడాదిలో నేను చేసినది ఒక్క చిన్న పని. మేడ మీద వాటా ఒక చిన్న కుటుంబానికి అద్దెకిచ్చాను. రాత్రి పైన అడుగుల చప్పుడు వినిపిస్తే ధైర్యంగా ఉంటుంది. వాళ్ల పిల్లవాడికి తొమ్మిదేళ్లు. సాయంత్రం వచ్చి నాతో ఆడతాడు. ఏడాది గడిచింది, ఇంకో మూడేళ్లూ గడిచాయి. పిల్లలు ఇప్పుడు ఆ మాట ఎత్తడం లేదు. సెలవులకు వాళ్లే ఇక్కడికి వస్తున్నారు. రేపు ఒంట్లో ఓపిక తగ్గితే కదలవలసి రావచ్చు. అప్పుడు కదులుతాను. అది నా ఇష్టప్రకారం వేసిన ఎత్తు అవుతుంది.

నాలాంటి స్థితిలో మన సభ్యులు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. భార్య పోయినవారు, భర్త పోయినవారు, పిల్లలు దూరదేశాల్లో ఉన్నవారు. వారికి నేను సలహా ఇచ్చేటంతటివాణ్ణి కాను. ఒక్కొక్కరి బల్ల ఒక్కొక్క విధంగా ఉంటుంది. కాని తొందరపెట్టే వాళ్లందరి మధ్య కాసేపు ఆగి బల్లను నిదానంగా చూడడంలో తప్పు లేదని మాత్రం అనుభవంతో చెప్పగలను.

మన సంఘం గదిలో ఒక చదరంగం బల్ల ఉంది. ఒక తెల్ల బంటు పోతే దాని స్థానంలో చొక్కా గుండీ పెట్టి ఆడుతున్నాం. సోమ, గురువారాల్లో సాయంత్రం 5 గంటలకు నేను అక్కడ ఉంటాను. ఆట రానివారు కూడా రావచ్చు, నేర్పుతాను. మనవలను వెంట తీసుకువస్తే మరీ మంచిది. మొదటి రోజు ఆ కోపెన్‌హాగన్ ఆట పేర్చి, తెల్లబలం వైపు మిమ్మల్నే కూర్చోబెడతాను.

సెలవు.